పెంపుడు జంతువులున్న ఇంటికి చేసిన డీప్ క్లీనింగ్ సేవలో లోపంపై ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: అమ్మకానికి పెట్టిన ఫ్లాటును సిద్ధం చేసే పనిలో జరిగిన సేవాలోపం, పిల్లికి కలిగిన హాని గురించి.

ఆర్యా,

ఎం.వి.పి. కాలనీలోని మా ఫ్లాటును అమ్మకానికి పెట్టాం. కొనదలచినవారు చూడడానికి వచ్చేలోగా ఇంట్లో ఎలాంటి వాసనా లేకుండా చేయించాలని మీ సంస్థ డీప్ క్లీనింగ్ సేవను బుక్ చేసుకున్నాను. ఇంట్లో రెండు పిల్లులూ ఒక కుక్కా ఉన్నాయని అప్పుడే చెప్పాను. పెంపుడు జంతువులున్న ఇల్లు కాబట్టి అదనపు రుసుము ఉంటుందని మీరు వసూలు చేసిన మొత్తం బిల్లులో వేరుగా కనిపిస్తుంది. ఆ రుసుముకు తగిన పని జరగకపోగా, ఆ జంతువులకే ముప్పు తెచ్చే పని జరిగింది.

హాలు, వంటగది శుభ్రం చేసిన తీరుపై నాకు అభ్యంతరం లేదు. సోఫాలోని బొచ్చును కూడా ఓపికగానే తీశారు. నా ఫిర్యాదంతా పిల్లులు మూత్రం పోసే వెనక గది గురించి, బాల్కనీ గురించి. ఆ గదిని నల్ల ఫినాయిల్ కలిపిన నీళ్లతో తుడిచి, పైన గులాబీ పరిమళపు స్ప్రే కొట్టి, పని పూర్తయిందని నా చేత సంతకం చేయించుకున్నారు. పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా మారి టైల్స్ సందుల్లో పేరుకుపోతుంది, మామూలు నీళ్లకూ సబ్బుకూ అది తేలికగా కరగదు. ఎంజైములున్న క్లీనరు పోసి, అది లోపలికి ఇంకేదాకా తడిగా ఉంచి, తర్వాత దానంతటదే ఆరనిస్తేనే ఆ మరక విడుతుంది. అలా చేయకపోతే గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన మళ్లీ లేస్తుంది, ఆ వాసన పట్టి పిల్లి మళ్లీ అక్కడే పోస్తుంది. సముద్రపు గాలి తేమను మోసుకొచ్చే విశాఖలో ఈ పని చేసే సంస్థకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మర్నాడు సీతమ్మధార నుంచి ఇల్లు చూడడానికి వచ్చిన దంపతులు ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. గులాబీ, ఫినాయిల్, మూత్రం కలగలిసిన ఆ ఘాటుకు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఇల్లు కొనడానికి వచ్చినవారు ఎక్కువ పరిమళం తగిలితే దేన్నో కప్పిపెడుతున్నారనే అనుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. లింకు డాక్యుమెంట్లు (ఫ్లాటు పాత యాజమాన్య పత్రాలు) చూపిస్తామన్నా కూర్చోకుండా వెళ్లిపోయారు.

ఇంతకంటే తీవ్రమైనది మా చిన్న పిల్లి విషయం. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విడగొట్టి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా విషం ఒంట్లోకి చేరుతుంది. ఆ రాత్రి నుంచి అది చొంగ కారుస్తూ, తిండి ముట్టకుండా మూలన ముడుచుకుపోయింది. పశువైద్యుడి దగ్గర చికిత్స చేయించాక ఇప్పుడు కోలుకుంటోంది. పైగా బాల్కనీలో మూత్రం పోసిన చోట బ్లీచింగ్ పౌడరు నీళ్లు చల్లారు. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరమిన్ వాయువులు పుడతాయి. తుడుస్తున్న కుర్రాడే దగ్గుతూ బయటకు రావలసి వచ్చింది. అతణ్ని నేను తప్పుపట్టడం లేదు, మీరు చేతికిచ్చిన సామానే అతను వాడాడు, మాస్కు కూడా అతనికి ఎవరూ ఇవ్వలేదు. కడగడానికని విప్పిన బాల్కనీ వలను (పావురాలు రాకుండా కట్టినది) తిరిగి కట్టకుండా వెళ్లడం మరో నిర్లక్ష్యం. మాది మూడో అంతస్తు, నేను వెంటనే గమనించి తలుపు వేశాను కాబట్టి పిల్లులు కిందపడలేదు.

కాబట్టి డీప్ క్లీనింగ్‌కు, అదనపు రుసుముకు నేను చెల్లించిన మొత్తాన్ని వాపసు ఇవ్వాలనీ, చికిత్స ఖర్చు భరించాలనీ కోరుతున్నాను. మీ బిల్లు, పశువైద్యుడి చీటీ, గది ఫొటోలు ఈ లేఖకు జతచేశాను. వెనక గదినీ బాల్కనీనీ ఎంజైము క్లీనరుతో మళ్లీ శుభ్రం చేయించాలి. ఏ రసాయనం వాడుతున్నారో ముందుగా నాకు రాతపూర్వకంగా తెలిపి, నేను ఒప్పుకున్నాకే సిబ్బందిని పంపాలి. జంతువులున్న ఇళ్లకు పంపే సామాన్లలోంచి నల్ల ఫినాయిల్‌ను పూర్తిగా తీసేస్తామని కూడా మీ జవాబులో హామీ ఇవ్వాలి, ఎందుకంటే ఈ సంగతి తెలియని మరో ఇంట్లో పిల్లి ప్రాణమే పోవచ్చు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ నుంచి జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

భవదీయురాలు,
ఫ్లాటు యజమానురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం