రెండు పేటల గవ్వల దండ

ఒరేయ్ శీనూ,

హోటల్ గోడ మీద ఉందని ఫోటో పెట్టి, "పక్కపక్కన ఈ రెండు నిచ్చెనలేంట్రా?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేస్తే నాకు తృప్తి ఉండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. దాన్ని 'పెంగ్' (朋) అంటారు. చైనావాళ్లు స్నేహితుణ్ణి 'పెంగ్‌యో' అంటారే, అందులో మొదటి అక్షరం.

అయితే పుట్టినప్పుడు అది స్నేహం కాదురా, డబ్బు!

మూడు వేల ఏళ్ల కిందట, చైనాని ఏలిన షాంగ్ రాజుల కాలంలో తాబేటి చిప్పల మీదా ఎద్దు ఎముకల మీదా ప్రశ్నలు చెక్కి జోస్యం చూసేవాళ్లు. వాటి మీద ఈ అక్షరం ఎలా ఉంటుందంటే, పైన ఒక అడ్డగీత, దానికి రెండు పేటలు వేలాడుతుంటాయి, ఒక్కో పేట మీద అడ్డంగా చిన్న చిన్న గీతలు. ఆ గీతలే గవ్వలు. గవ్వ వీపు అరగదీసి, చిల్లి పెట్టి, దారానికి గుచ్చేవాళ్లు. మనం చేతిలో చిల్లిగవ్వ లేదని ఏడుస్తామా, వాళ్లకి చిల్లి ఉన్న గవ్వే ఆస్తి. చైనాలోని ఆన్యాంగ్‌లో 1976లో తవ్విన ఫూ హావో అనే షాంగ్ రాణి సమాధిలో ఇలాంటి గవ్వలు ఆరు వేలకు పైనే దొరికాయి. పేటకి ఐదు చొప్పున రెండు పేటలు కలిపి ఒక పెంగ్, అంటే 10 గవ్వలని వాంగ్ గువోవే అనే పండితుడు లెక్క కట్టాడు. అందరూ ఒప్పుకోలేదనుకో.

తర్వాత వచ్చిన జౌ రాజులూ ఇదే లెక్కలో బహుమానాలిచ్చారు. 1963లో బావోజీలో బయటపడిన కంచు పాత్ర ఒకటుంది. రాజు నాకు 30 పెంగ్‌ల గవ్వలిచ్చాడు, అందుకు గుర్తుగా ఈ పాత్ర పోయించానని దాని లోపల రాయించుకున్నాడు ఒకాయన. చైనావాళ్లు తమ దేశాన్ని పిలుచుకునే 'జోంగ్‌గువో' అన్న మాట మనకి మొదటిసారి కనబడేదీ ఆ పాత్రలోనే.

మరి డబ్బు స్నేహితుడెలా అయ్యాడు? క్రీ.శ. 100లో నిఘంటువు పూర్తిచేసిన షూ షెన్, ఇది ఫీనిక్స్ లాంటి దివ్యపక్షి బొమ్మ అన్నాడు. అది ఎగిరితే వేల పక్షులు వెంట ఎగురుతాయి కాబట్టి జట్టు అన్న అర్థం వచ్చిందట. కథ బ్రహ్మాండంగా ఉంది, కాకపోతే నిజం కాదు. పాపం ఆయన్నేమనగలం, ఆ ఎముకలు పండితుల కంటపడిందే 1899లో! కంచు పాత్రల మీద చూస్తే గవ్వల దండ పక్కన మనిషి బొమ్మ చేర్చి 'స్నేహితుడు' అని రాశారు. తర్వాత్తర్వాత ఆ మనిషి జారిపోయాడు, దండ మిగిలింది. గవ్వల దండ, స్నేహితుడు అనే రెండు మాటల ఉచ్చారణ కలిసింది కాబట్టి గవ్వల గుర్తుని వాడుకున్నారనే మాటే నాకు నమ్మబుద్ధవుతుంది. ఒకే దారానికి గుచ్చినవాళ్లు స్నేహితులు అంటే వినడానికి బావుంటుంది కానీ, అంత అందంగా ఉన్నవాటిని నేను అనుమానిస్తాను.

ఇంకో తమాషా చెప్పనా? రాతలో రూపం మారి మారి ఇప్పుడు రెండు చంద్రుడి గుర్తులు పక్కపక్కన పెట్టినట్టయింది. దాంతో, అక్షరాల్ని వాటిలోని గుర్తుల్ని బట్టి వర్గాలుగా పేర్చే 1716 నాటి కాంగ్షీ నిఘంటువు దీన్ని తీసుకెళ్లి చంద్రుడి ఖాతాలో వేసింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఆరంభంలో డప్పులు వాయిస్తూ అరిచారే, దూరం నుంచి మిత్రుడు రావడం సంతోషమే కదా అని, అది కన్‌ఫ్యూషియస్ మాట. అందులో మిత్రుడు ఈ పెంగే. జెంగ్ షువాన్ అనే పాత వ్యాఖ్యాత ఇంకా తేడా చూపించాడు: ఒకే గురువు దగ్గర చదివితే 'పెంగ్', ఆలోచన ఒకటైతే 'యో'. మనిద్దరం ఒకే మాస్టారి చేత బెత్తం దెబ్బలు తిన్నాం కాబట్టి పెంగ్ ఖాయం. రెండోదంటావా, నీ రాజకీయాలు విన్నాక నాకు నమ్మకం లేదు.

అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రఘు