నల్లబట్టల దేవదూతకు, మిగిలిన అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా అమ్మ నిన్న వాకర్ పట్టుకొని మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచింది. తొమ్మిది అడుగులు. గుమ్మం దగ్గర ఆగి "స్తోత్రం ప్రభువా" అంది, ఆ వెంటనే నా వైపు తిరిగి "రక్తం ఇచ్చిన వాళ్ళకు చెప్పావా?" అని అడిగింది. చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నవంబరు చివర్లో, వానకు తడిసిన పెరట్లో జారిపడి అమ్మకు తుంటి ఎముక విరిగింది. మద్దిపాడు దగ్గర మా ఊరి నుంచి ఒంగోలుకు తీసుకువచ్చాం. 72 ఏళ్ళ మనిషి, ఆలస్యమైతే మంచాన పడిపోతుంది, రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు గారు. హిమోగ్లోబిన్ చూస్తే 8 ఉంది. రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంటే తప్ప మొదలుపెట్టం అన్నారు. అమ్మది ఓ నెగెటివ్. ఆ రక్తం అత్యవసరమైతే ఏ గ్రూపు వాళ్ళకైనా ఎక్కిస్తారు, ఆ గ్రూపు వాళ్ళకు మాత్రం అదే కావాలి. ఊరందరికీ పెట్టి, తనకు కావలసి వచ్చినప్పుడు ఒక్క గడప తప్ప తొక్కని మనిషి మా అమ్మ. రక్తం కూడా ఆ స్వభావందే వచ్చింది.

రక్తనిధిలో నిల్వ లేదు. సంఘం గ్రూపులోనూ మా బడి ఉపాధ్యాయుల గ్రూపులోనూ పెట్టాను. అది ఎన్ని చేతులు మారిందో తెలియదు, రాత్రి పదకొండున్నరకు చీమకుర్తి నుంచి ఫోను వచ్చింది. "మాతా, నాది ఓ నెగెటివ్. ఇదివరకు ఇచ్చి మూడు నెలలు దాటింది. రేపు మధ్యాహ్నం భిక్ష అయ్యాక బయలుదేరతాను. ఖాళీ కడుపుతో తీసుకోరు కదా" అన్నారు. మర్నాడు రెండు దాటాక వచ్చారు. నల్లబట్టలు, మెడలో మాల, కాళ్ళకు చెప్పులు లేవు. గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తారట. దీక్షలో ఉండి రక్తం ఇవ్వవచ్చా అని నేనే అనుమానంగా అడిగాను. "అన్నదానం చేస్తున్నాం కదా మాతా" అని నవ్వారు. 350 మిల్లీలీటర్లు ఇచ్చి, వాళ్ళిచ్చిన పండ్లరసం తాగి, పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకొని వెళ్ళిపోయారు.

ఈ సంగతి చెబితే మంచం మీద నొప్పితో ఉన్న మా అమ్మ ఏమందో తెలుసా? "దేవదూతలు తెల్లబట్టలే వేసుకోవాలని ఎక్కడైనా రాసి ఉందా?"

రెండో యూనిట్ కందుకూరు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు గారిది. డ్యూటీకి వెళ్ళాలంటూ పేరు కూడా సరిగా చెప్పకుండా వెళ్ళిపోయారు. అన్నా, ఈ రాత మీ కంటబడితే మా వందనాలు అందుకోండి.

ఇక ఒక డిగ్రీ చదివే అమ్మాయి. ఆమె గ్రూపూ అదే. తీరా పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 11 మాత్రమే ఉంది, 12.5 ఉంటేనే తీసుకుంటామని పంపేశారు. బయట బెంచీ మీద కూర్చొని ఏడ్చింది. ఆ తర్వాత హాస్టలుకు వెళ్ళక, రాత్రంతా అమ్మ పక్కనే ఉండి, నన్ను రెండు గంటలు పడుకోనిచ్చింది. తల్లీ, నువ్వు ఇవ్వలేకపోయానని అనుకుంటున్నావేమో. ముందు బెల్లం, ఆకుకూరలు తిని ఒంట్లో రక్తం పట్టించు. మిగిలిన లెక్కలు తర్వాత చూసుకుందాం.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక అలవాటుంది. "ఏ మనిషీ ఆదుకోలేదు, నా దేవుడే ఆదుకున్నాడు" అంటాం. ఉద్యోగం వచ్చిన ఏడు నేనూ అదే అన్నాను. నా బీఈడీ ఫీజు సగం కట్టిన ట్యూషను మాస్టారు ఆ రోజు రెండో వరసలో కూర్చొని ఉన్నారు. అందరితోపాటు ఆయనా "ఆమెన్" అన్నారు. ఆసుపత్రి వరండాలో ఆ ఆమెన్ నాకు మళ్ళీ వినిపించింది. మాస్టారూ, ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నాను, వందనాలు.

శ్రేష్ఠమైన ప్రతి ఈవీ పైనుంచే వస్తుందని యాకోబు పత్రికలో ఉంది. చిన్నప్పుడు అమ్మ కంఠతా పట్టించిన వాక్యం. కారు కొంటే, ప్లాటు కొంటే, పిల్లవాడికి వీసా వస్తే ఆ వాక్యాన్ని గోడకు తగిలిస్తాం. అమ్మ మాత్రం ప్రతి రాత్రీ పిడికెడు బియ్యం సంఘం డబ్బాలో వేస్తూ, ఆ రోజు ఎవరెవరు ఏమేం చేశారో దేవుడికి పేరుపేరునా చెప్పి స్తోత్రం చేస్తుంది. పాలు పోసే వాళ్ళు, పింఛను తెచ్చిచ్చే అమ్మాయి, దారిలో గేదెలను పక్కకు తోలిన పిల్లవాడు, ఎవరినీ వదలదు. అదేదో ముసలితనపు చాదస్తమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మా నాయనమ్మ కూడా ఇలాంటిదే ఒకటి చెప్పేది. 1876–78 కరువులో మా పెద్దవాళ్ళు అన్నం కోసం ప్రార్థన చేస్తే ఆకాశం నుంచి మన్నా రాలేదట, పార వచ్చిందట. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి వచ్చేలా చేశారు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ సహాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మా వైపు పిల్లలకు కూడా నోటికి వస్తుంది. నాయనమ్మ మాత్రం అంకె దగ్గర ఆగేది కాదు, కాలువ మట్టి మోసిన తట్ట దగ్గరే ఆగేది.

ఫిజియోథెరపీ చేయిస్తున్న చెల్లికి, మా ఊరి నుంచి రోజూ క్యారియర్ పంపిన ఎదురింటి బీబీ అత్తకు, రాత్రి ప్రార్థనకు వచ్చి ప్రార్థన కంటే ఎక్కువసేపు నర్సులకు మందుల చీటీలు అందించిన మా పాస్టరు గారికి కూడా వందనాలు.

క్రిస్మస్ వారంలోనే కృతజ్ఞతా కూడిక పెట్టాలని నేను తొందరపడ్డాను. అమ్మ ఒప్పుకోలేదు. చీమకుర్తి స్వామి శబరిమల వెళ్ళి వచ్చి మాల తీసేదాకా ఆగాలట, ఆయన మన ఇంట్లో కడుపునిండా తినాలట. అందుకని జనవరి నెలాఖరు అనుకున్నాం. చేపల పులుసు తాను కుర్చీలో కూర్చొని చేయిస్తుందట. అప్పటికి మామిడికాయ దొరకదని ఇప్పటినుంచే దిగులు పడుతోంది. ఎవరికైనా ఎక్కడైనా ముందుకాపు కనిపిస్తే దయచేసి చెప్పండి.