నాటోలో బాకీ ఎవరికి?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా, కెనడా, యూరప్ దేశాలు కలిసి పెట్టుకున్న సైనిక కూటమి నాటో. ఆ నాటో దేశాల రక్షణ ఖర్చు మీద వార్త వచ్చిన ప్రతిసారీ మా నర్సంపేటలో టీ కొట్టు దగ్గర ఒకటే ముచ్చట. "యూరపోళ్లు అమెరికాకు బాకీ పడ్డరట, కడ్తలేరట" అని. చదువుకున్నవాళ్లదీ ఇదే మాట. బాకీ ఏమీ లేదండీ. ఇన్నేళ్లూ చెప్పుకున్న 2 శాతం ఎవరికో కట్టే చందా కాదు, ఒక్కో దేశం తన జీడీపీలో అంత భాగం తన సొంత సైన్యం మీద పెట్టుకోవాలని అనుకున్న మాట. నాటో ఉమ్మడి ఖర్చులకు వేరే బడ్జెట్ ఉంది, దీని ముందు అది చాలా చిన్నది, అందులో అందరూ వాటాలు కడుతూనే ఉన్నారు.

మక్క చేనుకు కావలి పోయినవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. అడవిపందుల బాధకు గట్టు గట్టు కలిసిన రైతులం ఒక మాట అనుకుంటాం: ఎవరి చేను వాళ్లు కాసుకోవాలి, ఎవరి చేన్లో పంది పడ్డా అందరం ఉరకాలి. ఒకాయన సోలార్ కంచె వేయిస్తాడు, పక్కాయన చుట్టూ పాత చీరలు కట్టి ఇంటికి పోయి పడుకుంటాడు. కంచె వేసినాయనకు కోపం రాదా మరి? అమెరికాది కూడా ఆ కోపమే, అందులో న్యాయం ఉంది. 2014లో వేల్స్ సమావేశంలో 2 శాతం మాట గట్టిగా అనుకున్నప్పుడు 28 దేశాల్లో ఆ గీత దాటినవి అమెరికా, బ్రిటన్, గ్రీసు, మూడంటే మూడు.

ఆ మూడింట్లో గ్రీసు ఎందుకుందో అడిగారా ఎవరైనా? పక్కనున్న టర్కీతో తగాదా వల్ల. ఆ టర్కీ కూడా నాటో సభ్యదేశమే! అంటే గట్టు పంచాయితీకి పెట్టిన ఖర్చు కూడా పందుల కావలి లెక్కలోకే వచ్చింది. పైగా అప్పుల సంక్షోభంలో గ్రీసు జీడీపీ కూలిపోయింది, కింద అంకె చిన్నదైతే శాతం తనంతట తానే పెద్దగా కనిపిస్తుంది.

డెన్మార్క్‌ది దీనికి ఉల్టా. దాదాపు 60 లక్షల మంది ఉన్న చిన్న దేశం, ఆ రోజుల్లో 2 శాతానికి చాలా తక్కువే పెట్టేది. కానీ ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అనే నాటో ఒప్పందంలోని ఐదో అధికరణాన్ని ఇప్పటిదాకా వాడింది ఒక్కసారే, అదీ 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా కోసం. ఆ తర్వాత అఫ్గానిస్తాన్ యుద్ధంలో 40 మందికి పైగా డెన్మార్క్ సైనికులు చనిపోయారు. చీరల కంచె అయినా, పిలిస్తే ఉరికొచ్చినవాడు కదా. ఇది ఏ శాతంలో రాస్తారు?

ఇప్పుడు 2025 హేగ్ సమావేశంలో 2035 కల్లా 5 శాతం అన్నారు. అందులో అసలు సైన్యానికి 3.5, మిగతా 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి. ఇటలీలోనైతే సిసిలీకి కట్టాలనుకుంటున్న మెస్సినా వంతెనను కూడా ఇందులో చూపిద్దామా అనే మాట వచ్చింది. చేనుకు పోయే బాటకు మొరం పోయించి, దాన్ని కూడా కావలి ఖర్చు అన్నట్టుంది. స్పెయిన్ ఒక్కటి మాకు 2.1 చాలు అని మొహం మీదే చెప్పింది. నాకైతే ఈ దొంగలెక్కల కన్నా ఆ మొండితనమే నయం అనిపించింది.

మనం ఏ కూటమిలోనూ లేము కాబట్టి మనకెందుకు అనొచ్చు. కానీ అంకెల తిరకాసు ఇక్కడా ఉంది. 2025-26లో మన రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు అని గొప్పగా చదివాం, అందులో 1.6 లక్షల కోట్లు పెన్షన్లే. పెన్షన్లు ఇవ్వొద్దని కాదు, సరిహద్దులో పనిచేసి వచ్చినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ఆ సొమ్ముతో కొత్త తుపాకీ రాదు అంటున్నాను, అంతే. నాటో దేశాల లెక్కల్లోనూ సైనికుల పెన్షన్లు కలిసే ఉంటాయి.

కాబట్టి మీకు ఒక్కటే మనవి. ఇకమీదట 5 శాతం అని హెడ్డింగ్ పెడితే కింద 3.5, 1.5 విడదీసి రాయండి, బాకీ అనే మాట మాత్రం రాయకండి. టీ కొట్టు దగ్గర వాదించీ వాదించీ నా గొంతు పోతోంది.

ఇట్లు,
ఒక మక్క రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా