చేపల వేలం పాట జమా ఖర్చులు: వచ్చిందెంత, మిగిలిందెంత

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి తర్వాత రెండో ఆదివారం బెజవాడ సత్యనారాయణపురంలో కళ్యాణ మండపం కింద హాల్లో మన అక్వేరియం క్లబ్ పెట్టిన పెంపుడు చేపల వేలం పాట లెక్కలు ఇవి. పది రోజుల్లో ఇస్తానని మైకులో చెప్పా, ఇరవై రెండు రోజులు పట్టింది, తప్పు నాదే. ఇంట్లో పెళ్ళి పనులు ఒకటి, లెక్కలో 640 రూపాయలు తేడా వచ్చి అది దొరక్క చిట్టా మూడుసార్లు మొదట్నుంచీ తిరగెయ్యడం ఇంకొకటి. ఆ 640 సంగతి చివర్లో చెప్తా.

ముందు ఒక మాట చెప్పెయ్యాలి. పాట అయిపోయిన రాత్రే "డెబ్భై వేలు దాటిందంట కదా, కమిటీకి పండగే" అని మనవాళ్ళే అన్నారు. సరదాకే అన్నార్లెండి, కానీ అది నలుగురి నోళ్ళలో పడి చివరికి మా బావమరిదే నన్ను "ఏంట్రా పార్టీ ఎప్పుడు" అని అడిగాడు. పాటలో పలికిన డబ్బంతా క్లబ్బుది కాదండీ బాబూ. బ్యాగ్ (చేపలో మొక్కలో కట్టి తెచ్చిన కవర్) అమ్మకానికి పెట్టినాయనకి నూటికి 75, క్లబ్బుకి 25, అదీ మనం పెట్టుకున్న పద్ధతి. విరాళంగా ఇచ్చిన బ్యాగులకి మాత్రమే మొత్తం మనది. అంటే ఆ రోజు పెట్టెలో పడ్డ డబ్బులో సగానికి పైగా మన చేతుల మీదుగా అలా వెళ్ళిపోయేదే, మనం మధ్యలో లెక్క రాసుకునే గుమాస్తాలం అంతే.

జమ సంగతి. పోయినసారి నిల్వ 6,310. పాట పాడేవాళ్ళు తీసుకునే నంబర్ కార్డులు 96, ఒక్కోటి 50 చొప్పున 4,800 (పిల్లలకి కార్డు లేదు, టికెట్టూ లేదు). ఫిల్టర్లు, లైట్లు, మేత అమ్ముకున్న మూడు టేబుళ్ళ వాళ్ళు తలా వెయ్యి, 3,000. పేరు రాయొద్దన్న ఒక పెద్దాయన ఇచ్చింది 5,000. ఇక పాట. 156 బ్యాగులు అమ్మకందార్లవి 58,420కి పోయాయి, విరాళం బ్యాగులు 31, అవి 12,750 పలికాయి, కలిపి 71,170. మొత్తం జమ 90,280.

రిజిస్టర్లో ఎక్కిన బ్యాగులు 214 అండి. 187 అమ్ముడుపోయాయి, 21 ఎవరూ పాడక వెనక్కి వెళ్ళాయి, ఆరు బ్యాగుల్లో చేపలు చచ్చిపోయి డబ్బు తిరిగి ఇచ్చేశాం. తిరిగి ఇచ్చింది 1,850, అది పైన చెప్పిన 71,170లో కలపలేదు, కాబట్టి ఖర్చులో వెతక్కండి.

ఆ ఆరు బ్యాగుల గురించి కాస్త ఎక్కువే చెప్తా ఎందుకంటే గొడవ ఎక్కువ జరిగింది అక్కడే. అందులో మూడు ఒకాయనవే, గప్పీలు, మంచి రంగులు, తోకలు చూస్తే ఎవరికైనా చెయ్యి లేస్తుంది. ఆయన శనివారం సాయంత్రం కడుపునిండా మేత వేసి రాత్రే కవర్లో కట్టి పెట్టుకున్నారంట, పొద్దున్నే హడావిడి ఎందుకని. మేత తిన్న చేప కవర్లో రెట్ట వేస్తుంది, ఆ కాసిని నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది, మధ్యాహ్నానికి నీళ్ళు తెల్లగా మబ్బు పట్టినట్టు అయిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. దానికి తోడు కవర్ ముక్కాలు వంతు నీళ్ళు, పైన గాలి పిసరంత. ఉండాల్సింది దానికి రివర్స్. మూడో వంతు నీళ్ళు, మిగతాదంతా గాలి. కైకలూరు వైపు చేప పిల్లల్ని కవర్లో ఆక్సిజన్ కొట్టి ఊళ్ళు దాటించే వాళ్ళని చూడండి, బంతిలా బిగదీసి ఉంటుంది కవర్, వేలితో నొక్కితే తిరిగి తంతుంది. మనం కూడా ఈసారి సిలిండర్ పెట్టాం, ఫ్రీగా కొట్టిస్తాం అన్నాం, అయినా సగం మంది ఇంటి దగ్గరే ఊది కట్టుకొచ్చారు (నోటితో ఊదితే వెళ్ళేది మనం వదిలిన గాలేనండి, కొంచెం ఆలోచించండి).

వచ్చేసారికి కమిటీ అనుకున్నది ఇది: ఒక రోజు ముందు మేత బంద్, బ్యాగ్ పొద్దున్నే కట్టాలి, ముళ్ళున్న చేపకి డబుల్ కవర్, ఫైటర్ (ఒకదాన్నొకటి కొట్టుకునే చేప) అయితే ఒక్క కవర్లో ఒక్కటే, కవర్ కింద మూలలు రబ్బర్ బ్యాండుతో మడిచి కట్టాలి, లేకపోతే చిన్న చేపలు ఆ మూలల్లో ఇరుక్కుపోతాయి. కౌంటర్ దగ్గర ఒకళ్ళు చూసి నీళ్ళు మబ్బుగా ఉంటే తీసుకోరు, అప్పుడు మొహం మాడ్చుకోవద్దు.

తీసుకోనివి ఈసారి కూడా ఉన్నాయి. సక్కర్ ఫిష్ నాలుగు బ్యాగులు గేటు దగ్గరే వెనక్కి పంపాం, ఆ తమ్ముడికి కోపం వచ్చింది, షాపుల్లో అమ్మట్లేదా అన్నాడు. అమ్ముతున్నారు నిజమే. వేలెడంత ఉన్నప్పుడు అద్దం మీద నాచు నాకుతుందని కొంటారు, అది మూరెడు అయ్యాక టబ్బు చాలక తీసుకెళ్ళి ఏ ఏలూరు కాలవలోనో రైవస్ కాలవలోనో వదిలేస్తారు. దెయ్యం చేప అని చెరువుల రైతులు వల చింపుకుని తిట్టేది దాన్నే. మన క్లబ్ పాటలో కొన్నది కాలవలో తేలిందన్న మాట మనకి వద్దు. ఇంకొకాయన డబ్బాలో మన దేశీ తాబేలు పిల్లలు రెండు తెచ్చారు, అది 1972 వన్యప్రాణి చట్టంతో పెట్టుకోవడం, డబ్బా మూత కూడా తియ్యనివ్వకుండా దండం పెట్టి పంపించాం.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది అమ్మకందార్ల వాటా, 43,815. మొత్తం 23 మంది. 19 మందికి ఆ రాత్రే ఫోన్‌పే చేసేశాం, నలుగురివి ఫారంలో నంబర్లు తప్పు రాయడం వల్ల ఆలస్యం అయింది, ఇప్పుడు అందరివీ అయిపోయాయి, ఎవరికీ బాకీ లేదు.

తర్వాత హాలు. అద్దె 12,000, కరెంటు మీటర్ చూసి 1,150, క్లీనింగ్ 1,500, వెరసి 14,650. క్లీనింగ్‌కి ముందు 500 అన్నారు, సాయంత్రానికి నేలంతా నీళ్ళు, ఒక టబ్బు పగిలి భోజనాల బల్లల కిందకి పారింది, వాళ్ళు పదిహేను వందలు అంటే నోరు మెదపలేకపోయాం. ఇప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. అమ్మకందార్ల దగ్గర మనం పట్టుకున్న 25 శాతం మొత్తం కలిపితే 14,605. హాలు ఒక్కదానికే 14,650. అంటే అందరూ "పాతిక శాతం చాలా ఎక్కువండీ" అని గొణుక్కున్న ఆ పాతిక మొత్తం హాలు గోడల్లోకే పోయింది, పైన ఇంకో 45 మనమే వేశాం. విరాళం బ్యాగులూ కార్డుల డబ్బూ లేకపోతే ఈ పాట నష్టంలో నడిచేది. నా మటుకు నాకు వాటా 20కి తగ్గించాలనే ఉంది, తగ్గిస్తే ఈసారి లెక్కన 2,921 తక్కువ వచ్చేది, పెద్ద తేడా కాదు, కానీ ముందు ఎనిమిది వేల లోపు హాలు దొరకాలి. ముహూర్తాల సీజన్లో పెట్టుకుంటే దొరకదు, పోనీ ఎండలొచ్చాక పెడదామంటే బెజవాడ ఎండలో కవర్లో నీళ్ళు టీ అయిపోతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తా. మైక్ సెట్ 2,500. టేబుళ్ళు ఇరవై, 1,200. ఫ్లెక్స్, స్టిక్కర్లు, కార్డులు 1,540. కవర్లు, రబ్బర్ బ్యాండ్లు, సిలిండర్ నింపుడు కలిపి 1,320 (సిలిండర్ డిపాజిట్ 3,000 ఒక మెంబర్ జేబులోంచి ఇచ్చి మళ్ళీ తీసేసుకున్నారు, అందుకే లెక్కలో కనపడదు). థర్మోకోల్ పెట్టెలు ఎనిమిది, 720. పటమట నుంచీ సింగ్‌నగర్ నుంచీ టబ్బులు తెచ్చి దింపిన ట్రాలీ ఆటో 1,400. బ్యాటరీ ఎయిర్ పంపులు నాలుగు, స్పాంజ్ ఫిల్టర్లు ఐదు, 2,260, ఇవి ఖర్చు కింద రాసినా వస్తువులు మన దగ్గరే ఉన్నాయి. పని చేసిన 14 మందికి భోజనం 1,540, టీలు 168 కప్పులు 1,680, ఎవరెన్ని తాగారో అడక్కండి, నావే ఓ ఏడు ఉంటాయి. అన్నీ కలిపి ఖర్చు 72,625.

పాట పాడించినాయనకి మనం ఏమీ ఇవ్వలేదు, ఆయన తీసుకోనన్నారు. నున్న మామిడి మార్కెట్లో పాట పాడించిన గొంతు అది, మొదట్లో చేపల పేర్లు నోరు తిరగక "బ్రిసిల్... ఏదో ముక్కు మీద మీసాలున్న చేపండి, వంద, వంద, నూటిరవై" అని కొట్టేశారు, హాలు హాలంతా నవ్వులు, కానీ గంటకి నలభై బ్యాగులు లాగేశారు. వెయ్యి దాకా ఇరవై చొప్పున, వెయ్యి దాటాక యాభై చొప్పున పెంచాలి అని పొద్దున్నే చెప్పేశారు, దాంతో గొణుగుడు లేదు. అన్నిటికంటే ఎక్కువ పలికింది ఐదు డిస్కస్ చేప పిల్లలు, 3,900. అన్నిటికంటే తక్కువ ఒక గుప్పెడు నాచు, 40, అది కూడా ఆయన జాలిపడి మూడోసారి అనకుండా ఓ నిమిషం ఆగితే పలికింది.

ఏంజెల్ చేపల జంట విషయం కూడా లెక్కలో ఉంది కాబట్టి చెప్పాలి. గుడ్లు పెట్టిన జంట అని స్టిక్కర్ మీద రాశారు, ముగ్గురు దిగారు, 1,150 దగ్గర మూడో ఆయన వదిలేశారు. ముందు వరసలో ఒకాయన 1,200 అన్నారు, వెనక స్తంభం పక్క నుంచి ఆడగొంతు 1,250, ఇలా 1,700 దాకా వెళ్ళింది. "వెనకాల మేడమ్ గారు గట్టిగా ఉన్నారండీ" అని పాటాయన అంటే ముందాయన తిరిగి చూశారు. చూస్తే ఎవరు, వాళ్ళావిడే. టీకి వెళ్ళి వచ్చి సీటు దొరక్క వెనకే నిలబడ్డారంట, ఇద్దరికీ చెరో కార్డు ఉంది. హాలంతా పగలబడి నవ్వుతుంటే ఆవిడ అక్కణ్ణుంచే "మీకు ఇదే కొనాలని పొద్దున చెప్పా కదండీ, మళ్ళీ మీరెందుకు పాడటం" అని అడిగేశారు. మూడో ఆయన వదిలేసిన దాని మీద ఒక మెట్టు వేసి 1,200కి ఖాయం చేశాం. అమ్మినాయనకి ఇది నచ్చలేదు, 1,700 మీద ఆయన వాటా 1,275 వచ్చేది, 900 వచ్చింది. ఆయన బాధ మాకు తెలుసు, కానీ మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మీద ఒకళ్ళు పాడుకున్నది నిజం పాట ఎలా అవుతుందండి. ఇక నుంచి ఇంటికి ఒకటే కార్డు.

జమ 90,280లో ఖర్చు 72,625 పోగా ఉండాల్సింది 17,655. బ్యాంకులో 15,905 ఉంది, చేతిలో రొక్కం 1,110, కలిపి 17,015. తక్కువ 640. మూడోసారి చిట్టా తిప్పినప్పుడు దొరికింది. జావా ఫెర్న్ అనే నీటి మొక్క కట్టిన డ్రిఫ్ట్‌వుడ్ చెక్క ఒకటి 640కి పోయింది, మన కుర్రాడు చీటీలో కొన్నవాళ్ళ కార్డు నంబర్ 71 అని రాశాడు. 71 నంబర్ ఆయన ఆ టైముకి ఇంటికెళ్ళిపోయారు, చెక్క ముట్టుకోలేదు. 77 ఏమో అని ఆయన్నీ అడిగాం, ఆయన బిల్లులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మన కుర్రాడి ఒకట్లూ ఏడులూ చూస్తే ఏది ఏదో ఆ దేవుడికే తెలియాలి, 11, 17 కూడా అయ్యుండొచ్చు, ఆ రెండు నంబర్ల వాళ్ళతో ఇంకా మాట్లాడాలి. అమ్మినావిడకి ఆమె వాటా 480 ఇచ్చేశాం, ఆమె తప్పేం లేదు కదా. తప్పు రాతదే, ఎవరూ ఎత్తుకెళ్ళారని నేను అనట్లేదు, ఆ రద్దీలో నాలుగు బ్యాగులతో పాటు ఐదోది చేతిలో పెడితే ఎవరికి గుర్తుంటుంది. మీ టబ్బులో అరచెయ్యంత చెక్క, కొమ్మ చివర తెల్ల దారం ముడి, ఉంటే ఒక ఫోన్ కొట్టండి, డబ్బు నిదానంగా ఇద్దురు గానీ.

బిల్లుల ఫైలు, చీటీల కట్ట, రిజిస్టరు వచ్చే ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా మా ఇంటి వరండాలో ఉంటాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఆ రోజు హాల్లో మర్చిపోయిన స్టీలు క్యారేజీ ఒకటి, చిన్నపిల్లల చెప్పులు ఒక జత కూడా ఆ ఫైలు పక్కనే పెడతా, ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి.