బ్రినెల్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకులకు,

హీట్ ట్రీట్‌మెంట్‌తో డక్టైల్ ఐరన్ (లోపలి గ్రాఫైట్ గుండ్రంగా ఉండే, సాగే పోత ఇనుము) క్యాస్టింగుల బలం పెరుగుతుందని మీ వ్యాసంలో రాశారు. ఏ ట్రీట్‌మెంటో చెప్పకుండా ఆ మాట అనలేం. అనీలింగ్ చేస్తే (వేడిచేసి నెమ్మదిగా చల్లారిస్తే) లోహంలోని గట్టి పెర్లైట్ మెత్తని ఫెరైట్‌గా మారి బలం తగ్గుతుంది, సాగే గుణం పెరుగుతుంది. అనీలింగ్ చేసేదే అందుకు.

గట్టిదనం కొలిచే బ్రినెల్ పరీక్షలో 300 చూపించే రెండు క్యాస్టింగులు తీసుకోండి. ఒకటి నార్మలైజ్ చేసిన (వేడిచేసి గాలిలో చల్లార్చిన) పెర్లైట్ రకం, విరిగేలోపు కొద్ది శాతమే సాగుతుంది. రెండోది ఆస్టెంపరింగ్ (ఎలా చేస్తారో కింద రాశాను) చేసిన, 900 మెగాపాస్కల్ బలం ఉండాల్సిన గ్రేడు, కనీసం 9 శాతం సాగాలి. గట్టిదనం కొలిచే యంత్రానికి రెండూ ఒకటే. అయినా చాలా ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో ఆ ఒక్క అంకే ఉంటుంది!

ఆస్టెంపరింగ్‌లో క్యాస్టింగ్‌ను 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట, రెండు గంటలు ఉంచి, వెంటనే 370 డిగ్రీల సాల్ట్ బాత్‌లో (కరిగిన ఉప్పు తొట్టిలో) ముంచి, మళ్లీ గంటో రెండు గంటలో ఉంచుతారు. బాత్‌ను 300కి దించితే బలం 1200 మెగాపాస్కల్ దాటుతుంది గానీ సాగుదల బాగా పడిపోతుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది టైము లెక్కలో. ఫర్నేస్ ప్యానెల్ మీటరు 900 చూపగానే గడియారం మొదలుపెడతారు, క్యాస్టింగులు పేర్చిన బుట్ట నడిమధ్య ఉన్న ముక్క అప్పటికింకా వేడెక్కుతూనే ఉంటుంది. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అక్కడ పెట్టాలి. బాత్‌లో టైము చాలకపోతే చల్లారేటప్పుడు మార్టెన్‌సైట్ అనే అతి గట్టి, పెళుసు నిర్మాణం పుడుతుంది, డ్రిల్లు బిట్లు విరిగేది అందుకే. మరీ ఎక్కువసేపు ఉంచితే కార్బైడ్లు (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి కణాలు) చేరి పెళుసెక్కుతుంది. మాంగనీస్ 0.3 శాతం దాటితే అది చివరగా గడ్డకట్టే చోట్ల పోగుపడి, బాత్‌లో జరగాల్సిన మార్పు అక్కడ ఆలస్యమవుతుంది. మందం ఎక్కువైన ముక్కల్లో రాగి, నికెల్ లేకపోతే బాత్‌లో పడ్డా లోపలి భాగం పెర్లైట్‌గా మారిపోతుంది.

మెగ్నీషియం చాలక గ్రాఫైట్ గుండ్రంగా రాకపోతే దాన్ని ఏ ఫర్నేసూ గుండ్రం చేయలేదు. అది కరిగిన ఇనుము దగ్గరే తేలాల్సిన సంగతి.

కొనేవాళ్లు అడగాల్సింది అదే హీట్‌లో (ఒకేసారి కరిగించిన ఇనుముతో) పోసి, అదే బుట్టలో ఫర్నేస్‌కు వెళ్లొచ్చిన టెస్ట్ బార్ రిపోర్టు. 60 మిల్లీమీటర్ల మందం క్యాస్టింగ్‌కు 25 మిల్లీమీటర్ల బార్ చూపిస్తే ఒప్పుకోకండి. సన్న బార్ త్వరగా చల్లారుతుంది, తేలిగ్గా పాసైపోతుంది.

ఇట్లు,
ఒక ఫౌండ్రీ మెటలర్జిస్టు