పిన్ని నడుంనొప్పి గురించి

ఒరే సూరిగా,

నీ ఉత్తరం అందింది. పిన్నికి రెండు నెలలుగా నడుంనొప్పి తగ్గలేదనీ, సోంపేటలో అందరూ "అరుగుదలే, వయసు కదా" అంటున్నారనీ, మందులషాపు కుర్రాడిచ్చిన బిళ్లలతో లాక్కొస్తోందనీ రాశావు. అరుగుదలే కావచ్చురా. కానీ ఆ మాట అన్నీ చూశాక చివర్న అనాలి. ముందే అనేస్తే ఇంక ఎవరూ వేరే ఏదీ వెతకరు.

ఫోన్లో ముందు నొప్పి తీరు కనుక్కో. అరిగిన కీలు పనితో నొప్పెట్టి పడుకుంటే నెమ్మదిస్తుంది. పొద్దున్న లేవగానే ఉండే బిగుతు అరగంటలోపే సడలుతుంది. అలాకాక పడుకున్నా తగ్గకుండా నిద్రలోంచి లేపుతోందా? సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా, ఆకలి పోయిందా, జాకెట్లు వదులయ్యాయా? ఇవన్నీ వెన్ను టీబీ కోసం అడగాల్సినవి. దగ్గుంటేనే టీబీ అనుకుంటారు మనోళ్లు. దగ్గు ఏమాత్రం లేకుండా ఎముకలోకీ వస్తుంది. ఎముకల టీబీలో దాదాపు సగం వెన్నులోనే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోనో ఇంకోచోటో నక్కిన క్రిమి రక్తంలో కొట్టుకొచ్చి, ఎక్కువగా వీపు కిందిభాగంలోనో నడుం పైభాగంలోనో దిగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు పూసల్నీ, మధ్యలో డిస్కునీ తినేస్తుంది. పూస ముందువైపు కూలితే వీపు మీద చిన్న గూనిలా పొడుచుకొస్తుంది. చీము కండరం వెంబడి జారి గజ్జల్లో గడ్డగా తేలొచ్చు. అది ఎర్రగా, వేడిగా ఉండదు కాబట్టి చీము అని ఎవరికీ తోచదు. ఈ గూనికీ కాళ్లు చచ్చుబడటానికీ సంబంధం ఉందని 1779లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ రాశాడు. స్కాను రిపోర్టులో "పాట్స్ స్పైన్" అని కనిపిస్తే అర్థం అదే.

ఎక్స్‌రే బాగానే ఉందని ఊరుకోకు. ఎముకలో ఖనిజం బాగా పోయాకగానీ ఎక్స్‌రేలో తేడా కనబడదు. అనుమానముంటే ఎంఆర్‌ఐ, దాని తర్వాత సూదితో చెడిన పూసలోంచి ముక్క తీసి సీబీనాట్ పరీక్ష. క్రిమి ఉందా, అది టీబీ మందైన రిఫాంపిసిన్‌కి లొంగుతుందా అన్న రెండూ అందులో తేలతాయి. కఫం పరీక్షలో ఏమీ లేదంటే వెన్నులో లేదని కాదు. మందులు మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత పది నెలలు మూడు రకాలు, అవసరమైతే మొత్తం 18 నెలల దాకా. సర్కారు ఆసుపత్రిలో అన్నీ ఉచితమే. నిక్షయ్ అనే సర్కారు టీబీ జాబితాలో పేరు నమోదైతే తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. చెడేది ఎక్కడంటే, కొన్ని వారాలకే నొప్పి తగ్గుతుంది, బాగైపోనాదని మానేస్తారు. మిగిలిన క్రిములు మందుకి మొండికేస్తాయి. మూత్రం నారింజరంగులో వస్తే భయపడక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా బిళ్లలు ఆపి ఆరోజే డాక్టరు దగ్గరికెళ్లాలి. చూపు మసకబారినా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా ఆ నాలుగు మందుల్లో ఒకటైన ఇథాంబ్యుటాల్ మీద అనుమానపడాలి. పాదాలు మండితే విటమిన్ బి6 అడగాలి. ఇక కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా మర్నాటి బస్సు కోసం ఆగొద్దు.

ఇంక మందులషాపు కుర్రాడిచ్చిన ఆ నొప్పిబిళ్లల సంగతి. నాకు టీబీకంటే దీని మీదే ఎక్కువ కోపం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కవిటి, కంచిలి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఎలా ఉందో నీకు చెప్పాలా? కిడ్నీ జబ్బు ఇంత ఎక్కువున్న ఈ ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా రెండు నెలలు ఆ బిళ్లలివ్వడం తప్పు. తమాషా ఏటంటే, కిడ్నీ చెడితే ఎముకే చెడుతుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారేది కిడ్నీలోనే. అది ఆగి, ఫాస్ఫరస్ బయటికి పోక పేరుకుంటే, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకలోంచి కాల్షియం లాగేస్తాయి. అంటే నొప్పికి మింగిన బిళ్ల చివరికి నొప్పినే పెంచొచ్చు. అలాంటివాళ్లకి కాల్షియం, డి కూడా సొంతంగా వెయ్యకూడదు. ప్రస్తుతానికి పారాసిటమాల్ 500, ఆరేసి గంటల ఎడంతో వేసుకోమను. లివర్ జబ్బుంటే అదీ అడిగే వెయ్యాలి.

ఎముక బోలుతనం వేరు. విరిగేదాకా నొప్పే ఉండదు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్లలో ఎక్కువ. బిందె ఎత్తితే పూస కుంగుతుంది, స్నానాలగదిలో జారితే తుంటి విరుగుతుంది. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కానులో టి-స్కోరు అనే అంకె మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే బోలుతనమే. నెలసరి ఆగిన వయసులో రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 350 దాకా ఉంటుంది, 200 మి.లీ. పాలలో 240 దాకా. చోడి అంబలి మానేసి టీ, బిస్కెట్‌కి మారినవాళ్లని చూస్తే నాకు చిరాకు. బోలుతనానికి అలెండ్రోనేట్ బిళ్ల రాస్తే వారానికొకటి, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు. వాలిస్తే గొంతు కింద గొట్టం పుండవుతుంది. కాల్షియం బిళ్ల ఆ పూట దాంతో కలిపి వెయ్యకూడదు. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికొకటి, మామూలుగా ఎనిమిది వారాలు. రోజూ తాగేసేవాళ్లున్నారు, కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీలో రాళ్లు.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఒకటి చెప్పాలి. గుంటడికి జ్వరమొచ్చి, దెబ్బ లేకుండా కాలు నేల మీద మోపనంటే అది ఎముకలో చీము కావచ్చు. తొడ ఎముకో, పిక్క ఎముకో, మోకాలి దగ్గర పట్టుకుంటుంది. స్టాఫిలోకాకస్ అనే క్రిమి. ఎక్స్‌రేలో 10 నుంచి 14 రోజులకిగానీ కనబడదు, ఈలోగా ఎముక ముక్క చచ్చిపోతుంది. నూనె మర్దన, నాటు కట్టు వద్దు. ఆరోజే ఆసుపత్రి.

వానాకాలం జ్వరాల్లోనూ ఒళ్లంతా నొప్పులే. చికున్‌గున్యా కీళ్లనొప్పులు నెలల తరబడి ఉంటాయి. డెంగీ అయితే జ్వరం దిగేటప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు చూసుకోవాలి. రెండింటికీ మొదట్లో పారాసిటమాల్ తప్ప వేరే నొప్పిబిళ్ల వద్దు. జీడితోటల్లో, పొదల్లో తిరిగినవాళ్లకి తగ్గని జ్వరమొస్తే చంక, గజ్జ, జాకెట్ కింద వెతికి చూడాలి. సిగరెట్ కాల్చినట్టు నల్లటి పొక్కుంటే స్క్రబ్ టైఫస్, పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. పెద్దవాళ్లకి డాక్సీసైక్లిన్ 100, రెండు పూటలా, వారం. సీతంపేట కొండలవైపు వెళ్లొచ్చినవాళ్లయితే మలేరియా రక్తపరీక్ష ముందు.

సోమవారం పిన్నిని శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని తమ్ముడికి చెప్పు. మింగిన బిళ్లల అట్టలన్నీ, పాత ఎక్స్‌రేలూ సంచీలో వేసుకోవాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చెప్పే రక్తపరీక్షలు), క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్, నడుం ఎక్స్‌రే అడగమను. నడుంలో స్టెరాయిడ్ సూది వేస్తామని ఎవరైనా అంటే, టీబీ కాదని తేలేదాకా వద్దను. రిపోర్టులు రాగానే ఫోటోలు పంపు. క్రియాటినిన్ కాగితం ముందు పంపు.

ఉంటానురా,
నీ రాము