కూలీల ఓడలో డాక్టరు ఎలా వచ్చాడు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 1860లో మద్రాసు నుంచి మనవాళ్లను దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు తీసుకెళ్లిన ట్రూరో ఓడ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అలాంటి ఓడల్లో సర్కారు డాక్టరు ఉండడం తెల్లదొరల మంచితనమన్నట్టు రాశారు. అక్కడే నాకు పేచీ. ఆ ఏర్పాటు వెనక, ఇంగ్లండు శిక్షగా ఆస్ట్రేలియాకు ఓడలెక్కించిన ఖైదీల చావులున్నాయి.

సర్రీ అనే వాణిజ్య నౌకను 1811లో ఇంగ్లండులోని హార్విచ్‌లో కట్టారు. 1814లో రెండు వందల మంది ఖైదీలతో ఆస్ట్రేలియా వెళ్తుండగా దారిలో టైఫస్ అనే విషజ్వరం పాకింది. 36 మంది ఖైదీలు పోయారు. కెప్టెన్ పోయాడు. అధికారుల్లో మిగిలింది కుర్రవాడైన థామస్ రైన్ ఒక్కడే. ఓడ నడిపే దిక్కులేక అల్లాడుతుంటే, ఎదురుపడిన బ్రాక్స్‌బోర్న్‌బరీ ఓడలోని నావికుడొకడు ప్రాణాలకు తెగించి ఎక్కి సిడ్నీ రేవుకు చేర్చాడు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ వలసకు గవర్నరైన మెక్వారీ విచారణ అప్పగించింది విలియం రెడ్‌ఫెర్న్‌కు. ఈయన కూడా ఇంగ్లండులోని నోర్ లంగరు తావులో జరిగిన నావికుల తిరుగుబాటు కేసులో శిక్షపడి ఖైదీగా వచ్చిన వైద్యుడే! గాలి ఆడని అడుగు డెక్కులు, ఎండ చూడని పడకలు, కొరవడిన శుభ్రత, అన్నీ రాశాడు. అసలు రోగం మాత్రం ఓడ యజమాని జీతం తినే డాక్టరు కెప్టెన్‌కు ఎదురు చెప్పలేకపోవడమే. ప్రభుత్వం తరఫున, అధికారమున్న నౌకాదళ సర్జన్‌ను పంపమన్నాడు. 1815 నుంచి ఖైదీల ఓడల్లో అదే అమలైంది, చావులూ బాగా తగ్గాయి. తర్వాత కూలీల ఓడల్లో కనిపించే సర్జన్ సూపరింటెండెంట్ పదవికి మూలం ఇదే.

సర్రీ మాత్రం పని మానలేదు. మొత్తం పదకొండుసార్లు ఖైదీలను మోసింది. రైన్ కెప్టెన్ అయ్యాడు. తిమింగలం గుద్ది మునిగిన ఎసెక్స్ ఓడ నావికులు ముగ్గురు హెండర్సన్ దీవిలో చావుకు దగ్గరపడి ఉంటే, 1821 ఏప్రిల్‌లో వెతికి ఎక్కించుకున్నది ఈ సర్రీయే. మరుసటేడు మెక్వారీ కుటుంబంతో స్వదేశానికి వెళ్లిందీ ఇందులోనే. విచారణ వేయించిన ఓడలోనే ఎక్కాడంటే ధైర్యవంతుడే! 1834లో కూలి తగ్గిస్తే సంఘం పెట్టుకున్న పాపానికి శిక్షపడ్డ ఇంగ్లండులోని టోల్‌పడిల్ ఊరి రైతుకూలీలు ఆరుగురిలో ఐదుగురిని సిడ్నీకి తెచ్చిందీ ఇదే.

ఇంత చరిత్ర ఉన్న పదవిని ఒక్క వాక్యంలో దయాదాక్షిణ్యాల ఖాతాలో వేసేయడం సబబు కాదు. నటాల్ వెళ్లిన కూలీల ఓడల జాబితాలు, పేర్లూ ఊళ్లతో సహా, ఇంకా భద్రంగా ఉన్నాయి. మీ పత్రికలో ఇకపై ఏ ఓడ గురించి రాసినా ఎక్కినవాళ్లెందరు, ప్రాణాలతో దిగినవాళ్లెందరు, డాక్టరు ఎవరికి జవాబుదారీ అన్నవి కూడా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ